ఘాటీ ఎక్కిన దేశాలు

మా సాలూరులో కార్లు తక్కువ, లారీలు ఎక్కువ. 1970ల నాటి మాట. ఊళ్లో సొంత కారు ఎవరెవరికి ఉందో బడిపిల్లలం వేళ్ల మీద చెప్పగలిగేవాళ్లం. లారీలను మాత్రం ఎవరూ లెక్కపెట్టేవారు కాదు. ఆంధ్రదేశంలో బెజవాడ తరవాత లారీలంటే సాలూరే అని పెద్దవాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. పక్క ఊళ్లలో పెళ్లి సంబంధం మాట్లాడుకునేటప్పుడు పొలం ఎంత అని అడుగుతారు. మా ఊళ్లో ఆ వెంటనే, బళ్లు ఎన్ని తిరుగుతున్నాయని కూడా అడిగేవారు.

దీనికి కారణం మా ఊరున్న చోటే. దిగువన విశాఖ రేవు. ఎగువన రాయపూరు, భిలాయి. నడుమ అడ్డంగా తూర్పు కనుమలు. విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం మీదుగా వచ్చిన రోడ్డు సాలూరు దాటాక పి.కోనవలస దగ్గర కొండ ఎక్కడం మొదలెడుతుంది. అక్కణ్నుంచి సుంకి, పొట్టంగి, కోరాపుట్, జైపూర్, బొరిగుమ్మ, జగదల్‌పూర్, ఆ పైన కేస్కాల్ ఘాటీ, చివరికి రాయపూరు. పైకి ఉప్పు, ఎరువులు వెళ్లేవి. కిందికి చింతపండు, కలప, బియ్యం, ఇనుము దిగేవి. ఎక్కే బండి ఎక్కబోయే ముందు ఆగేది సాలూరులోనే, దిగిన బండి ఊపిరి పీల్చుకునేదీ సాలూరులోనే. అలా ఆగిన బళ్ల చుట్టూ ఓ ఊరే పుట్టింది: మెకానిక్కు షెడ్లు, పంచర్ షాపులు, లేత్ మిషన్లు, కమాను కట్టలు కొట్టే కొలుములు, బ్రోకరు ఆఫీసులు, రాత్రంతా పొయ్యి ఆరని టీ హోటళ్లు.

అలాంటి షెడ్డు ఒకటి మా పెద్దమావది. బడి వదలగానే నేను అక్కడే ఉండేవాణ్ని. విప్పిన నట్లను డీజిల్లో కడిగి, మేస్త్రి అడిగిన పానా అందించడం నా పని. ఏ దేశం బళ్లు గొప్పవన్న తగాదాలో నేను చెవి పెట్టింది ఆ షెడ్డులోనే. ప్రపంచ పటం చూడకముందే దేశాలు నాకు పానాల పెట్టెల రూపంలో పరిచయమయ్యాయి. మావ దగ్గర రెండు పెట్టెలు ఉండేవి. ఒకటి బెంజి పెట్టె. అందులో పానాల మీద అంకెలు మిల్లీమీటర్లలో ఉండేవి: 13, 17, 19. రెండోది లేలాండు పెట్టె. దాంట్లో అన్నీ అంగుళాల కొలతలు, భిన్నాలు. బడిలో భిన్నాలు బుర్రకెక్కని నాకు, అర అంగుళానికీ అయిదు ఎనిమిదో వంతుకీ తేడా ఆ పెట్టె దగ్గరే బోధపడింది. పొరపాటున ఒక పెట్టెలోది ఇంకో బండికి అందిస్తే మావ ఊరుకునేవాడు కాదు.

"ఒరే గుంటడా, అది జర్మనీవోడిదిరా. ఇంగ్లండోడి నట్టుకి పెడితే మూలలు అరిగిపోతాయి. దేశం సూసి పానా ఇయ్యి!"

షెడ్డులో రెండు పక్షాలు. బెంజి పక్షం, లేలాండు పక్షం. బెంజి అంటే టాటా లారీయే. టాటావారి టెల్కో కంపెనీ 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు కట్టడం మొదలెట్టింది. ముందు జాలీ మీద వలయంలో మూడు కొమ్ముల నక్షత్రం ఉండేది. 1969లో ఆ ఒప్పందం ముగిసింది, నక్షత్రం పోయి ఆంగ్లంలో టీ అక్షరం వచ్చింది. ఆ మార్పు సాలూరు నోటిదాకా రాలేదు. ఆ తరవాత చాలా ఏళ్ల వరకు టాటా బండి ఏదైనా మాకు బెంజి లారీయే. నక్షత్రం ఉన్న పాత బండి దొరికిన డ్రైవరు, తెల్లారి చోడంబలి తాగే ముందు ఆ నక్షత్రాన్ని గుడ్డతో తుడిచి తళతళలాడించేవాడు.

బెంజి పక్షం వాళ్ల వాదన: ఏ ఊళ్లో ఆగిపోయినా సామాను దొరుకుతుంది, డీజిలు తక్కువ తాగుతుంది, చదును మీద పరుగెడుతుంది. బండి పేరులోనే దాని జాతకం ఉంటుందని నాకు చెప్పింది కూడా ఆ పక్షం వాళ్లే. 1210 అంటే, మొదటి రెండు అంకెలు సరుకుతో కలిపి బండి మొత్తం బరువు, 12 టన్నులు. చివరి రెండూ పది పెట్టి గుణించుకుంటే ఇంజను బలం, 100 గుర్రాలు. తరవాత వచ్చిన 1612 కూడా అంతే, 16 టన్నులు, 120 గుర్రాలు. రోడ్డు పక్కన కూర్చుని వచ్చే పోయే బళ్ల గుర్రాలు కూడుకోవడం మా పిల్లల ఆట.

లేలాండు పక్షం వాళ్లు తక్కువ మాట్లాడేవారు. వాళ్లకు ఒకటే మాట, లాగుడు. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నా బరువు లాగుతుందన్నది వాళ్ల ధీమా. ఘాటీలో మొదటి గేరులో గంటల తరబడి పాకే డ్రైవరుకు వేగంతో పనేముంది? ఆ కంపెనీ కథ నాకు పెద్దయ్యాక తెలిసింది. రఘునందన్ శరణ్ అనే ఆయన 1948లో మద్రాసులో అశోక్ మోటార్స్ అని పెట్టారు. కొడుకు పేరే కంపెనీకి పెట్టుకున్నారు. మొదట కట్టింది ఇంగ్లండు వాళ్ల ఆస్టిన్ కార్లు. తరవాత లేలాండు లారీల వైపు మళ్లి, 1955లో పేరు అశోక్ లేలాండ్ అయింది. ఇంగ్లండులో బ్రిటిష్ లేలాండు ముక్కలు ముక్కలై పోయింది. ఎన్నూరులో కొడుకు పేరు పెట్టుకున్న కంపెనీ ఇవాళ్టికీ లారీలు తయారు చేస్తోంది. కారు జోడింపుతో మొదలై కొండ ఎక్కే లారీగా మారిన ఆ కథంటే నాకు ఇష్టం.

అప్పుడప్పుడు ముసలి డ్రైవర్లు ఇద్దరు ముగ్గురు చేరితే మూడో దేశం లేచేది: అమెరికా. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పట్టాళం వదిలేసిన షెవర్లే, ఫోర్డు, డాడ్జి బళ్లు డిస్పోజల్లో కొని ఈ దారి తొక్కించిన తరం వాళ్లది. అమెరికావాడి ఇనుము మందం, మనసు విశాలం అనేవారు. పెట్రోలు మాత్రం నీళ్లు తాగినట్టు తాగుతుందని వాళ్లే ఒప్పుకునేవారు. అమెరికా మిగిల్చిన గురుతు మాకు జీపు. మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులు కట్టడం మొదలెట్టారు. ఏజెన్సీలో అటవీశాఖకీ, పోలీసులకీ, మన్యం తిరిగే డాక్టర్లకీ జీపే దిక్కు. రోడ్డే లేని చోటికి వెళ్లే బండిని ఏ జర్మనీవాడూ మా కొండలకు పంపలేదు, అమెరికావాడే పంపాడు. ఈ లెక్క ఎవరు ఎన్ని పట్టికలు వేసినా నా మనసులోంచి పోదు.

మావ మాత్రం ఏ పక్షమూ కాదు. తగువు ముదిరితే రించి కింద పెట్టి ఒక్క మాట అనేవాడు: "బండి ఏ దేశమో ఇక్కడ సెప్పకండి. సుంకి ఎక్కి, దిగొచ్చి, అప్పుడు సెప్పండి."

ఆ మాట విలువ తెలియాలంటే ఆ ఘాటీ ఎక్కాలి. మలుపు మీద మలుపు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. వానాకాలంలో పొగమంచు. ఆ రోజుల్లో ఏ కంపెనీ బండైనా సగం దూరం ఎక్కేసరికి రేడియేటరు మరిగేది. క్లీనరు డబ్బా పట్టుకుని ఊటనీళ్ల కోసం పరుగెత్తేవాడు. బండి ఆగగానే వెనక చక్రం కింద రాయో, కర్ర మొద్దో పెట్టడం వాడి మొదటి ధర్మం. ఎక్కడం ఇంజనుకు పరీక్ష, దిగడం బ్రేకులకు పరీక్ష. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగాలన్నది డ్రైవర్ల వేదం.

చాలా ఏళ్లకి విశాఖ లైబ్రరీలో ఒక పుస్తకం చదివి మావకు ఉత్తరం రాశాను. కార్ల్ బెంజ్ 1886లో తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు తీసుకున్నాడు. జనం నమ్మలేదు. 1888లో ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టింటికి, ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. ఇంధనం అయిపోతే దారిలో మందుల దుకాణంలో కొంది. బ్రేకులు అరిగితే చర్మకారుడి చేత తోలు వేయించింది. ఎగువ వచ్చినప్పుడు బండి ఎక్కలేకపోతే కొడుకులు దిగి నెట్టారు. తిరిగి వచ్చాక భర్తతో, కొండ ఎక్కడానికి ఇంకో చిన్న గేరు కావాలని చెప్పింది. బ్రేకు మీద తోలు, కొండకు చిన్న గేరు: ఈ రెండూ ఇంజనీరు గదిలో పుట్టినవి కావు, దారిలో పుట్టాయి.

దసరాకు ఇంటికి వెళ్తే మావ ఆ ఉత్తరం షెడ్డులో అందరికీ చదివించి పెట్టాడు. "ఆవిడ మన సుంకి డ్రైవరేరా," అన్నాడు. "అలాటి ఆడమనిసి ఇంట్లో ఉన్న దేశం బళ్లు బాగా సేస్తాది మరి, సెయ్యదేటి?"

ఇంతకీ ఆ జర్మనీ లారీలో జర్మనీ ఎంత? ఇది చెప్పాలంటే బాడీ కట్టే వాళ్ల గురించి చెప్పాలి. ఇంత దూరం రాసింది దీనికోసమే.

కంపెనీ నుంచి వచ్చేది లారీ కాదు, చాసిస్. ఇంజను, గేరుబాక్సు, చక్రాలు, స్టీరింగు, అంతే. తలుపు లేదు, పైకప్పు లేదు. జంషెడ్‌పూర్ నుంచో మద్రాసు నుంచో డ్రైవరు ఆ అస్థిపంజరం మీదే కూర్చుని, తలకు తువ్వాలు చుట్టుకుని, ఎండకీ వానకీ తడుస్తూ ఎండుతూ తోలుకొచ్చేవాడు. ఊళ్లోకి కొత్త చాసిస్ దిగిందంటే పిల్లలం వెంటపడి పరుగెత్తేవాళ్లం. శ్యామలాంబ గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి, నేరుగా బాడీ షెడ్డుకి.

అక్కడ ముందు వడ్రంగి చెయ్యి పడేది. కొండ కలప ఆరబెట్టి, కోసి, కేబిన్‌కు చట్రం కట్టేవాడు. కాగితం మీద బొమ్మ ఉండేది కాదు. డ్రైవరును పీట మీద కూర్చోబెట్టి మోకాలి ఎత్తు, చెయ్యి చాచు చూసి సీటు ఎక్కడుండాలో సుద్దతో గీసేవాడు. పొడుగు డ్రైవరుకు ఒక కొలత, పొట్టి డ్రైవరుకు ఇంకో కొలత. వెనక నిద్రపోవడానికి బల్ల. దాని కింద గిన్నెలు, స్టవ్వు పెట్టుకునే అర. తరవాత కమ్మరి. తొట్టి మూలలకు ఇనప పట్టీలు, గొలుసులు, బరకం కట్టే కొక్కేలు. ఘాటీ తిరిగే బండి అయితే కమాను కట్టకు అదనంగా ఒక పట్టీ. ఆ తరవాత టింకరింగు మేస్త్రి రేకు తొడిగేవాడు. చివర పెయింటరు. తలుపుల మీద నెమళ్లు, తామరపూలు, ముందు నొసట అమ్మవారి పేరు, వెనక యజమాని పిల్లల పేర్లు. రోజులు గడిచి బండి బయటికి వచ్చేటప్పటికి దాని అమ్మా నాన్నా కూడా గుర్తుపట్టలేరు.

కలప చట్రం అంటే వెనకబాటుతనం అనుకునేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. గుంతల రోడ్డు మీద కలప కాస్త వంగుతుంది, సర్దుకుంటుంది. విరిగితే కోరాపుట్ సంతలో వడ్రంగైనా అతికిస్తాడు. ఈ రోడ్డుకు, ఈ బరువుకు, ఈ వానకు తగ్గ బండిని ష్టుట్‌గార్టులో ఎవరూ గీయలేదు. సాలూరులో అక్షరం రాని వడ్రంగి సుద్దముక్కతో గీశాడు. అప్పుడది ఏ దేశం బండి? ఇంజనులో జర్మనీ బుద్ధి, చాసిస్‌లో జంషెడ్‌పూర్ ఇనుము, డ్రైవరు వీపు ఆనేది మా ఊరి కలప. ఉత్తమ దేశాల జాబితాలు రాసే వాళ్లు మొదటి సంగతి ఒక్కటే చూస్తారు. నాకు మూడూ కలిస్తేనే బండి.

కార్ల సంగతి క్లుప్తంగా చెప్తాను. అప్పట్లో కారు కొనేవాడికి దేశం ఎంచుకునే వీలే లేదు. ఉన్నవి మూడు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డు అచ్చులో పోసిన అంబాసిడరు, ఇటలీ ఫియట్ 1100, మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్ హెరాల్డు. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురు చూడాలి. పుట్టిన దేశాలు ఆ నమూనాలు వదిలేసి ముందుకు వెళ్లిపోయాయి, మనం వాటినే పట్టుకుని కూర్చున్నాం. అంబాసిడరు 2014 దాకా వచ్చింది. దాంట్లో పదిమంది ఎక్కి బొబ్బిలి పెళ్లికి వెళ్లిన సుఖం వేరు, ఏ దేశం గొప్పదన్న లెక్క వేరు. ఆ రోజుల్లో ఆ లెక్క తేల్చడానికి మా దగ్గర సాక్ష్యం లేదు.

సాక్ష్యం 1983 డిసెంబరు తరవాత వచ్చింది. గుర్గావ్‌లో జపాను సుజుకీతో కలిసి కట్టిన మారుతి 800. మూడు సిలిండర్లు, 796 సీసీ. మా ఊరికి చేరడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. జైపూర్ వెళ్తున్న ఒక కుటుంబం ఘాటీ ఎక్కే ముందు మా షెడ్డు దగ్గర ఆపి, ఓసారి చూడమన్నారు. మావ బానెట్టు ఎత్తి చూశాడు. బెల్టు నొక్కాడు. నూనె పుల్ల తీసి చూశాడు. చేసే పని ఏమీ కనపడలేదు. బెంజి పెట్టె తెరిస్తే, ఇతర పానాలు పట్టాయి కాని 12, 14 అడిగే నట్లకు అందులో సరిపడేవి లేవు. జపానువాడి మిల్లీమీటర్లు కూడా జర్మనీవాడి మిల్లీమీటర్లు కావు. బండి వెళ్లిపోయాక చేతులు తుడుచుకుంటూ చాలాసేపు రోడ్డు వైపే చూశాడు.

"ఇది మంచి బండిరా," అన్నాడు. "ఇది సేసినోడికి మనతో పని నేదు."

తన పొట్ట మీద దెబ్బ కొట్టే బండిని ఆయన మంచిదన్నాడు. అంతకంటే పెద్ద యోగ్యతాపత్రం ఏ దేశానికీ రాలేదని నా నమ్మకం.

జపాను అలా ఎలా చేయగలిగిందో తెలుసుకోవాలని అప్పటి నుంచి దొరికింది చదువుతూ వచ్చాను. మన పొందూరు నేతగాళ్లు వింటే ఆనందపడే సంగతి ఒకటి ఉంది. టయోటా, సుజుకీ, రెండూ మగ్గాల్లోంచి పుట్టినవే. మిచియో సుజుకీ 1909లో హమమత్సులో మగ్గాలు చేసే కార్ఖానా పెట్టాడు. సకిచి టొయోడా అనే వడ్రంగి కొడుకు, పోగు తెగగానే దానంతటదే ఆగిపోయే మగ్గం కనిపెట్టాడు. తెగిన పోగుతో నేస్తూ పోతే బట్ట అంతా పాడు. 1929లో ఆ మగ్గం హక్కులు ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్‌కు అమ్మారు. ఆయన కొడుకు కీచిరో కార్ల వైపు మళ్లి 1937లో టయోటా మోటారు కంపెనీ పెట్టాడు. తప్పు కనపడగానే ఆపెయ్యడమన్న మగ్గం నీతినే వాళ్లు కార్ల కర్మాగారంలోకి తెచ్చారు. లోపం చూసిన కూలీ ఎవరైనా తాడు లాగి మొత్తం పని ఆపవచ్చు. 1950లో డెమింగ్ అనే అమెరికా గణాంక శాస్త్రవేత్త వెళ్లి నాణ్యత గురించి పాఠాలు చెబితే, అమెరికా కంటే ముందు జపానే శ్రద్ధగా విన్నది. కారు కనిపెట్టిన ఘనత జర్మనీది. మామూలు మనిషికి అందించిన ఘనత అమెరికాది. కారును మెకానిక్కు దగ్గరికి రాకుండా చేసిన ఘనత మాత్రం జపానుది. కారు మాట వస్తే నా ఓటు జపానుకే.

ఆ జపాను కీర్తిలో మా కొండల వాటా ఒకటుంది. బస్తర్‌లోని బైలదిల్లా ఇనప ఖనిజం కోసం 1960లో జపానుతో ఒప్పందం కుదిరింది. ఆ ఖనిజం దింపడానికే అరకు కొండలు తొలిచి, సొరంగాల మీద సొరంగాలతో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేశారు. జగదల్‌పూర్ వెళ్లొచ్చిన డ్రైవర్లు ఆ ఎర్రమట్టి పట్టిన పొడుగు గూడ్సుబండ్ల గురించి చెప్పేవారు. ఇనుమంతా విశాఖ రేవులో ఓడ ఎక్కి జపాను ఉక్కు కొలుముల్లోకి పోయేది. మావ దీన్ని మనసుకు పట్టించుకున్నాడు. "మన కొండ ఇనుము ఆడు పట్టుకెల్లి బండి సేసి మనకే అమ్ముతున్నాడు. మనం ఉక్కు సెయ్యలేమేటి?" అని ప్రతి డ్రైవరునూ అడిగేవాడు. విశాఖ ఉక్కు కోసం 1966లో ప్రాణాలు పోయిన సంగతి ఎరిగిన తరం ఆయనది. ఆ ప్రశ్నలో వేళాకోళం ఉండేది కాదు.

మావ ఇప్పుడు లేడు. షెడ్డు ఆయన చిన్నకొడుకు చూస్తున్నాడు. ఊరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. దేశాల లెక్క కూడా కలగాపులగమైంది. ఇంగ్లండు వాళ్ల జాగ్వార్, ల్యాండ్ రోవర్‌లను 2008లో టాటాలే కొన్నారు. కొరియా కియా కార్లు మన పెనుకొండ దగ్గర తయారవుతున్నాయి. ఇసుజు శ్రీసిటీకి వచ్చింది. టాటాతో విడిపోయిన డైమ్లర్ కూడా 2012లో మద్రాసు దగ్గర ఒరగడంలో సొంత కర్మాగారం పెట్టి, భారత్‌బెంజ్ పేరుతో తిరిగి వచ్చింది. బెంజి మళ్లీ సుంకి ఎక్కుతోంది.

లారీలు చాలావరకు ఫ్యాక్టరీ కేబిన్‌తోనే వస్తున్నాయి. తలకు తువ్వాలు చుట్టుకుని అస్థిపంజరం మీద వచ్చే డ్రైవర్లు అరుదయ్యారు. కేబిన్ చట్రాలు కట్టిన వడ్రంగుల పిల్లలు విశాఖకీ, హైదరాబాదుకీ వెళ్లిపోయారు. వెనక తొట్టి మాత్రం ఇంకా బాడీ షెడ్లలోనే కడుతున్నారు. ఈమధ్య వెళ్లినప్పుడు మావ కొడుకు నన్ను అలాంటి చోటుకు తీసుకెళ్లాడు. కొత్త బండి వెనక భాగం ఖాళీగా ఉంది. ఒకాయన టేపు పట్టి కొలుస్తున్నాడు, ఇంకొకాయన పట్టీలకు వెల్డింగు పెడుతున్నాడు. ఏ దేశం బండిరా ఇది, అని అడిగాను.

"ఇంకా అవనేదు కదా బావా," అన్నాడు. "అయినాక సెప్తాను."